దిగుడులో న్యూట్రల్

కొండ మీది ఆసుపత్రి,
మార్చి.

అక్కా,

ఆసుపత్రి జీపు తాళాలు ఇప్పుడు నా నడుముకి వేలాడుతున్నాయి. పాత డ్రైవరు మోకాళ్ళు పట్టేశాయని మానేసి వెళ్ళిపోయాడు. కొత్త మనిషి దొరికేదాకా ఇక్కడ లైసెన్సున్నవాళ్ళే నడుపుకోవాలని పైనుంచి కబురొచ్చింది. ఆ లైసెన్సు నాకొక్కదానికే ఉంది. కంపౌండరు గారికి సైకిలు కూడా రాదు. కాబట్టి నర్సునీ నేనే, డ్రైవర్నీ నేనే. సూది గుచ్చేదీ నేనే, దారంతా కుదిపేదీ నేనే.

బండితో ఒక తంటా వచ్చిపడింది. గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది చూడు, నాలుగు చక్రాలూ లాగేలా చేసేది. దాన్ని లోగేరులో వేస్తే తప్ప ఇక్కడి ఏటవాలు ఎక్కలేం, దిగలేం. ఎక్కేటప్పుడు బుద్ధిగానే ఉంటోంది. దిగేటప్పుడు ఒక్కోసారి ఎవరో కాలితో తన్నినట్టు టక్కున ఊడి న్యూట్రల్లో పడుతోంది. అప్పటిదాకా బండిని పట్టి ఉంచిన ఇంజను మోత ఒక్కసారిగా చల్లారిపోతుంది. బండి మాత్రం పరుగందుకుంటుంది. ఇది చాలదన్నట్టు మలుపుల్లో చక్రాలు బిగదీసుకుని ఎగిరెగిరి పడుతున్నాయి. రాడ్డుని వెనక్కి తెద్దామంటే రానని మొండికేస్తోంది.

పోయిన వారం కింద బజారుకి వెళ్ళి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను కదా. నువ్వు "ఆఁ, బానే ఉన్నాం, నువ్వెలా ఉన్నావు" అని పెట్టేశావు. జీపు సంగతి అడిగితే కుశలప్రశ్నలేమిటే? అందుకే రాస్తున్నాను. సరుకుల వ్యాను డ్రైవరు ఉత్తరాలు అటూ ఇటూ చేరవేస్తానన్నాడు.

బానెట్టు ఎత్తకుండానే చప్పుడు విని రోగం చెప్పేస్తావని ఊరంతా నీ షెడ్డుకే వస్తారు కదా. నాక్కూడా చెప్పు. బావని అడిగానని చెప్పు.

నీ చెల్లి

*

షెడ్డు,
మార్చి.

పిచ్చుకా,

ఫోన్ చెయ్యకు. షెడ్డులో సుత్తి మోత, పక్కన వెల్డింగాయన గ్రైండరు మోత. ఏం చెప్పాలన్నా రాసి పంపు.

నువ్వన్న పొట్టి రాడ్డు కింద ఉండేదాన్ని ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. గేరుబాక్సు వెనక ఉండే ఇనప పెట్టె. ఇంజను బలాన్ని తీసుకుని ముందు చక్రాలకింత, వెనక చక్రాలకింత అని వడ్డించే మనిషి అనుకో. ఆ మనిషి తేడాగా ఉన్నంత మాత్రాన రోగం ఆ పెట్టెలోనే ఉండాలని లేదు. విప్పడం అన్నిటికన్నా చివరి పని. తేలికగా చూడగలిగేవి ముందు చూడాలి.

మొదటిది నూనె. బండిని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టు. పెట్టె పక్కన బిరడా ఉంటుంది, అది విప్పి వేలు పెట్టు. వేలికి నూనె తగలాలి. తగిలిన నూనెని వేళ్ళ మధ్య రుద్ది చూడు. ఇసకలా గరగరమంటే లోపల ఏదో అరుగుతోందన్నమాట.

రెండోది చక్రాలు. నాలుగూ ఒకే సైజులో ఉన్నాయా? ఒకటి చిన్నదైతే అది ఎక్కువసార్లు తిరగాలంటుంది, మిగతావి తిరగనివ్వవు. ఆ పెనుగులాటంతా పెట్టె మీద పడుతుంది. నువ్వు చెప్పిన ఎగిరిపడటం అదే అయ్యుంటుంది. గట్టి రోడ్డు మీదికి రాగానే నాలుగు చక్రాల లాగుడు తీసెయ్. అది బురదకీ రాళ్ళకీ గానీ తారు మీద షికారుకి కాదు.

చప్పుళ్ళ సంగతి వదిలెయ్. చేతికి ఏం తగులుతోందో, కంటికి ఏం కనిపిస్తోందో రాయి.

బావ కులాసా. దగ్గు తగ్గింది.

అక్క

*

కొండ మీది ఆసుపత్రి,
ఏప్రిల్.

అక్కా,

నీ చెయ్యి చల్లగా ఉండాలి. బిరడా విప్పి వేలు పెడితే ఏమీ తగల్లేదు. వేలంతా దూర్చినా తగల్లేదు. వెనక వైపు నుంచి బొట్టు బొట్టుగా కారి పోయిందంతా పోయింది. అడుగున మిగిలిన కాస్తా తీసి రుద్ది చూశాను, మెత్తగానే ఉంది, ఇసక లేదు. కొత్త నూనె పోశాను. ఇక చక్రాలంటావా, పాత డ్రైవరు ముందు ఎడమవైపు ఏ బండిదో చిన్న చక్రం బిగించి చక్కా పోయాడు. నేనూ కంపౌండరు గారూ కలిసి మార్చాం. ఆయన పానా పట్టుకున్న తీరు చూస్తే పాముని పట్టుకున్నాడేమో అనిపిస్తుంది.

ఎగిరిపడటం పూర్తిగా పోయింది. రాడ్డు కూడా వెన్నలా కదులుతోంది. కానీ దిగుడులో ఊడటం మాత్రం పోలేదు. ఖాళీగా దిగితే ఊడదు. వెనక మనుషులుంటే ఊడుతుంది. ఊడేముందు కింద కరకరమని, తర్వాత గుడగుడమని, ఆ తర్వాత టక్.

చప్పుళ్ళు వదిలెయ్యమన్నావు గానీ నేను వదల్లేను. నేను రాసే కరకరకీ నువ్వు వినే కరకరకీ చాలా దూరం. కంపౌండరు గారి టేపు రికార్డరు సీటు కింద పెట్టి దిగుడంతా రికార్డు చేశాను. క్యాసెట్టు వ్యాను డ్రైవరు చేతికిచ్చాను. ఒక్కసారి వింటే నువ్వే చెప్పేస్తావు.

వానలు మొదలైతే ఈ దారి ఇలా ఉండదు. ఇప్పుడే నెలలు నిండుతున్న ఒకామె ఉంది, బిడ్డ అడ్డంగా ఉంది. ఆమెని కిందికి తీసుకెళ్ళాల్సి వస్తుంది. అప్పటికి ఈ బండి మీద నాకు నమ్మకం కుదరాలి.

చెల్లి

*

షెడ్డు,
ఏప్రిల్.

పిచ్చుకా,

క్యాసెట్టు అందింది. విన్నాను. నువ్వన్నట్టే కరకర స్పష్టంగా ఉంది. కంగారు పడాల్సిందేమీ కాదు. పాత నూనెలో ఇనప రజను తిరుగుతున్న చప్పుడది. ఉన్న నూనె మొత్తం దింపేసి మళ్ళీ పొయ్యి. దిగేటప్పుడు రాడ్డు మీద ఒక చెయ్యి వేసి ఉంచు. నడుపుకో, ఏం కాదు.

ఇక్కడ పని బాగానే ఉంది. ఈమధ్య వచ్చేవన్నీ మూగబళ్ళే. కొత్త ఇంజన్లు చప్పుడే చెయ్యవు, బానెట్టు ఎత్తక తప్పట్లేదు. బావ నీకోసం స్వెట్టరు కొన్నాడు. రంగు నీకు నచ్చదు, వేసుకో.

అక్క

*

కొండ మీది ఆసుపత్రి,
మే.

అక్కకి,

నువ్వు చెప్పినట్టు నూనె దింపి మళ్ళీ పోశాను. రజను లేదని ముందే రాశాను, అయినా నువ్వు విని చెప్పావు కదా అని పోశాను. రాడ్డు మీద చెయ్యి కూడా వేసే ఉంచాను.

మంగళవారం పొద్దున్న ఆ నెలలు నిండినామెకి నొప్పులు మొదలయ్యాయి. వెనక పరుపు మీద ఆమె, పక్కన ఆమె అత్తగారు, సెలైను సీసా పట్టుకుని కంపౌండరు గారు. కల్వర్టుకి ముందున్న నిలువు దిగుడులో రాడ్డు ఊడింది. నా చెయ్యి దాని మీదే ఉంది. చేతిని కూడా తోసుకుని వచ్చింది. ఇంజను మోత ఆగిపోయింది. మళ్ళీ వెయ్యబోతే పడలేదు. బ్రేకు తొక్కాను, కాసేపు బండిని పట్టి ఉంచింది, తర్వాత వేడెక్కి పెడలు మెత్తబడింది. కల్వర్టు పక్కన రోడ్డు పనివాళ్ళు పోసిన కంకర గుట్ట ఉంది. బండిని దానిలోకి ఎక్కించాను.

ఎవరికీ పెద్ద దెబ్బలు లేవు. కంపౌండరు గారి పెదవి చిట్లింది. సీసా మాత్రం వదల్లేదు. రోడ్డు పనివాళ్ళు పరుపుతో సహా ఆమెని మోసుకుంటూ కింది రోడ్డుకి దింపారు. అక్కడ ఒక లారీ ఆపాం. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తల్లి బాగుంది. బిడ్డ ఏడవడానికి చాలాసేపు పట్టింది, కానీ ఏడ్చింది. ఆడపిల్ల.

బండిని మర్నాడు తాడు కట్టి పైకి లాగించాం. ఇంకొక్క విషయం. నిన్న కంపౌండరు గారు జనానికి నీళ్ళు కాచి తాగమని చెప్పే క్యాసెట్టు పెట్టారు. అందులోంచి జీపు చప్పుడొచ్చింది. కరకర, గుడగుడ, టక్. అంటే నేను మార్చి ఇచ్చాను. నీకు చేరింది నీళ్ళు కాచే క్యాసెట్టు. ఒకాయన మొదటినుంచి చివరిదాకా గిన్నె మీద మూత పెట్టమని చెప్తూనే ఉంటాడు.

అందులో నీకు కరకర ఎక్కడ వినిపించిందక్కా?

చెల్లి

*

షెడ్డు,
మే.

పిచ్చుకా,

బండి తియ్యకు. తాళం నీ దగ్గరే పెట్టుకో. ఎవరడిగినా ఇవ్వకు.

ఇప్పుడు నేను చెప్పేది వరసగా చెయ్యి. సమంగా ఉన్న నేల మీద బండి నిలబెట్టి నాలుగు చక్రాలకీ ముందూ వెనకా పెద్ద రాళ్ళు పెట్టు. హ్యాండుబ్రేకు లాగు. బండి కిందికి మాత్రం ఎవరూ దూరొద్దు. లోపల పొట్టి రాడ్డు చుట్టూ ఉన్న మ్యాటూ తోలు తొడుగూ తీసెయ్. నేలరేకుకి ఉన్న కంతా, దాంట్లోంచి కిందికి దిగిన రాడ్డూ కనబడతాయి. లోగేరు వేసి, పెద్ద గేరు రివర్సులో పెట్టి, ఇంజను నడుస్తుండగా బ్రేకు తొక్కి పట్టుకుని క్లచ్చి ఒక్క రవ్వ వదలమని కంపౌండరు గారికి చెప్పు. దిగుడులో పడే బరువు ఎటు పడుతుందో అప్పుడూ అటే పడుతుంది. నువ్వు పక్కన కూర్చుని ఆ కంతనే చూడు. కింద పెట్టె కదులుతోందా? రాడ్డు రేకు అంచుకి తగులుతోందా? నీ చేతిని కూడా తోసిందన్నావు. లోపలి పళ్ళు జారితే చేతికి అదురు తెలుస్తుంది గానీ అంత తోపు రాదు. బయటినుంచి ఏదో తోస్తోంది. ఈ మాట నీ మొదటి ఉత్తరంలోనే ఉంది, ఎవరో తన్నినట్టు అని రాశావు. నేను చదివీ పట్టించుకోలేదు.

క్యాసెట్టు సంగతి. వినలేదని కాదు, వినిపించలేదు. బావ టేపు తెచ్చి పెట్టి బయటికి వెళ్ళాడు. చెవి ఆనించి పెట్టాను. గాలి వీచినట్టు ఏదో ఉంది, అంతే. అది జీపే అనుకున్నాను. మునుపు బావ రేడియో పెద్దగా పెడుతున్నాడని నేను పోట్లాడేదాన్ని, ఇప్పుడాయనే వచ్చి తగ్గించి వెళ్తున్నాడు. ఆయనింకా నాకు రేడియో పిచ్చి పట్టిందనే అనుకుంటున్నాడు. షెడ్డుకి జనం వచ్చేది ఎందుకో నీకు తెలుసు.

పాప బరువెంత?

అక్క

*

కొండ మీది ఆసుపత్రి,
మే.

అక్కా,

దొరికింది.

కంపౌండరు గారికి క్లచ్చి నేర్పడానికే ఒక పూట పట్టింది. ఆయన కాలు వణికితే బండి వణుకుతుంది, బండి వణికితే ఆయన దేవుణ్ణి తలుచుకుంటాడు. చివరికి కుదిరింది. క్లచ్చి వదిలీ వదలగానే కింద పెట్టె మొత్తం ఎద్దు తల ఎత్తినట్టు పైకి లేచింది. రాడ్డు వెళ్ళి రేకు అంచుకి ఆనుకుంది. ఇంకాస్త వదిలేసరికి నా కళ్ళముందే, ఎవరూ ముట్టుకోకుండా, న్యూట్రల్లో పడింది. రాడ్డుకి ముందువైపు ఆ ఆనుకున్నచోట రంగు పోయి అద్దంలా మెరుస్తోంది.

ఇంజను ఆపి తాళం జేబులో వేసుకున్నాక దీపం పట్టుకుని కిందికి దూరాను. గేరుబాక్సుని చట్రానికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ ఉందే, అది రెండు ముక్కలై ఉంది. కారిన నూనె తాగి తాగి ఉబ్బిపోయి జున్నులా చేతికి ఊడొచ్చింది. ముక్క ఈ కవరులోనే పెట్టాను. కంపు కొడుతుంది, బావ దగ్గర విప్పకు.

ఇక నీ సంగతి. నాకు కోపం పోలేదు. చెవి వినిపించనందుకు కాదు. వినిపించనిదాన్ని విన్నానని రాసినందుకు. నేను నాడి చూడకుండా బావుందని రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

నేను అడిగేవాటికి జవాబు రాయి. ఎప్పటినుంచి? రెండు చెవులా, ఒకటా? చెవిలో హోరు ఉందా? తల తిరుగుతోందా? ఆడవాళ్ళ గొంతు తక్కువ వినిపిస్తోందా, మగవాళ్ళదా? చెవిలో గుమిలి ఉందేమో ఎవరికైనా చూపించావా? తేలికగా చూడగలిగేవి ముందు చూడాలని నువ్వే రాశావు.

పాప రెండున్నర కిలోలు.

చెల్లి

*

షెడ్డు,
మే చివర.

పిచ్చుకా,

రబ్బరు ముక్క చూశాను. కొత్త దిమ్మ సంపాదించాను. నూనె కారే చోట వెయ్యడానికి సీలు కూడా తీసుకున్నాను. దాన్ని వదిలేస్తే కొత్త రబ్బరు కూడా ఇలాగే ఉబ్బుతుంది. తాడుతో కట్టే ప్రయత్నాలు చెయ్యకు. నేనే వస్తున్నాను, వచ్చే వారం వ్యానులో. బావ వద్దంటున్నాడు. ఆ మాట నాకు వినిపించలేదని చెప్పాను.

నీ ప్రశ్నలకి జవాబు అక్కడికొచ్చి చెప్తాను.

అక్క

*

షెడ్డు,
జూన్.

పిచ్చుకా,

క్షేమంగా చేరాను. వ్యాను డ్రైవరు దారంతా ఏదో చెప్తూనే ఉన్నాడు, నేను తల ఊపుతూనే ఉన్నాను. దిగేముందు ఒక పనసపండు చేతిలో పెట్టాడు. దేనికి ఒప్పుకున్నానో తెలియదు.

జీపు సంగతి ఒకసారి రాసి పెడతాను, తర్వాత వచ్చే డ్రైవరుకి చెప్పు. దిమ్మ మార్చాం, సీలు మార్చాం. పెట్టె విప్పాను కదా అని లోపల గేరుని జరిపే ఫోర్కు కూడా చూశాను. ఒక అంచు కాస్త అరిగింది, ఇంకా పనికొస్తుంది. బండి వెనక బియ్యం బస్తాలేసి నిలువు దిగుడు దిగాం, ఎక్కాం, మళ్ళీ దిగాం. రాడ్డు మీద నా చెయ్యి వేసి ఉంచాను, పిల్లి వీపు మీద వేసినట్టుంది. నాకు ఇప్పుడు బండి అరిచేతిలో వినిపిస్తోంది. ఇన్నాళ్ళూ చెవి ఉందన్న పొగరుతో చేతిని అడగలేదు. వచ్చినవాళ్ళకి కూడా ఇప్పుడు చెప్పేస్తున్నాను, నాకు వినిపించదు, బండి నడిపి చూస్తాను అని. ఒకాయన బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు తాళం ఇచ్చారు.

ఒకటి అడగాలి. అక్కడ అడగలేకపోయాను.

బయల్దేరే రోజు ఆ పాప తల్లి టీకా వేయించడానికి వచ్చింది కదా. పాపని నా చేతుల్లో పెట్టింది. చేతులకి గ్రీజు ఉందన్నా వినలేదు. అప్పుడు ఆమెతో అన్నాను, "అమ్మా, ఆ రోజు ఆ బండి బాగుందని రాసింది నేనే. చూడకుండా రాశాను" అని. ఆమె నా మొహంలోకి చూసి ఏదో అంది. గట్టిగానే అన్నట్టుంది. నువ్వు అటు తిరిగి ఉన్నావు, నీ మొహం కనబడలేదు. నేను "ఊఁ" అన్నాను. వ్యాను డ్రైవరు హారను కొట్టాడేమో, నువ్వు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళావు.

వచ్చినప్పటినుంచీ అదే ఆలోచన. తిట్టిందా? పోనీలే అందా? తిట్టినా ఫరవాలేదు, తిట్టిందని తెలిస్తే చాలు. ఏమందో రాయి.

దిగుడులో నువ్వు కూడా ఏదో మాట్లాడుతూనే ఉన్నావు. వాటికీ ఊఁ అన్నాను.

అక్క

*

కొండ మీది ఆసుపత్రి,
జూన్.

అక్కా,

వానలు పడ్డాయి. దారంతా బురద. మొన్న ఒక ముసలాయన్ని, నిన్న కాలు విరిగిన మనిషిని దింపాను. రాడ్డు కదల్లేదు.

ఆమె అన్నమాట నేను విన్నాను. అటు తిరిగింది అందుకే, నవ్వు ఆపుకోలేక. ఆమె తిట్టలేదు, పోనీలే అనీ అనలేదు. నువ్వన్నది ఆమె చెవికి ఎక్కిందో లేదో కూడా నాకు తెలియదు. ఆమె కళ్ళు పాప మీదే ఉన్నాయి. "మెడ కింద చెయ్యి పెట్టండి, వేలాడిపోతోంది! పిల్లని ఎప్పుడూ ఎత్తుకోలేదా ఏంటి?" అని అరిచింది. నువ్వు చాలా గంభీరంగా "ఊఁ" అన్నావు. మెడ అలాగే వేలాడుతోంది. ఆమే లాక్కుంది.

కావాలంటే వచ్చే టీకాకి ఆమెకి మళ్ళీ చెప్పొచ్చు. చెప్పాలా వద్దా అన్నది నువ్వే రాయి. అయితే నీ మాటగా నేను చెప్పను. నువ్వే వచ్చి చెప్పాలి, నేను పక్కనుండి ఆమె జవాబు రాసి చూపిస్తాను.

ఇక దిగుడులో నేనన్నవి. మొదటి మలుపులో, కోపం తగ్గిందన్నాను. నువ్వు ఊఁ అన్నావు. తర్వాత, బావకి నువ్వే చెప్పాలి, నేను చెప్పనన్నాను. ఊఁ అన్నావు. కల్వర్టు దగ్గర, ఆ రోజు నాకు చాలా భయమేసిందన్నాను. దానికీ ఊఁ అన్నావు. అది నువ్వు వినకపోయినా అనాలనిపించింది, అన్నాను.

చివరి దిగుడులో, వచ్చే నెల సెలవు పెట్టి వస్తాను, ఇద్దరం కలిసి చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఆయన ఏం చెప్పినా వినాలి, మిషను పెట్టుకోమంటే పెట్టుకోవాలి, సరేనా అన్నాను. ఊఁ అన్నావు. మళ్ళీ అడిగాను, మళ్ళీ ఊఁ అన్నావు. బస్తాల మీద కూర్చున్న కంపౌండరు గారే సాక్షి. పెద్దాసుపత్రిలో నీ పేరు రాయించేశాను.

చెల్లి

*

షెడ్డు,
జూన్.

పిచ్చుకా,

బావకి చెప్పాను. ఆయన వెళ్ళి రేడియో పెద్దగా పెట్టి వచ్చి కూర్చున్నాడు. ఏమైనా అన్నాడేమో నాకు తెలియదు.

పాప తల్లితో నేనే మాట్లాడతాను, వచ్చే టీకాకి. మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో వెల్డింగాయన మనవరాలితో నేర్చుకుంటున్నాను.

డాక్టరు సంగతి. నువ్వు నన్ను మోసం చేసి ఒప్పించావు. వినపడని మనిషి చేత ఊఁ అనిపించుకోవడం న్యాయం కాదు. అది లెక్కలోకి రాదు.

ఇది చదివి అంటున్నాను. ఊఁ.

అక్క